పై సగం

అక్టోబర్ 1, బుధవారం

రాజ్యం దగ్గర పిస్టల్ ఉంది.

రాసి చూసుకుంటే నమ్మకం కుదురుతుందేమోనని రాశాను. కుదరలేదు.

ఇవాళ ఆయుధ పూజ. ఏటా పెట్టే సామానే — నా పాత స్టెతస్కోపు, రెండు కార్ల తాళాలు, ఆవిడ కుట్టుమిషను కత్తెర, కూరగాయల కత్తి. నేను సర్జరీ మానేసి ఏడేళ్ళయింది, అయినా స్టెతస్కోపుకి పసుపూ కుంకుమా తప్పవు. స్నానం చేసి, పంచె కట్టుకుని వచ్చి పీట మీద కూర్చున్నాను. స్టెతస్కోపు పక్కన నల్లటిది ఇంకోటి. దానికీ బొట్టు. మనవరాలు మొన్న వచ్చినప్పుడు వదిలేసిన బొమ్మేమో అనుకుని చేయి చాపాను.

"ముట్టుకోకండి. మీకు కార్డు లేదు."

"ఏం కార్డు? ఎవరిది ఇది?"

"నాది."

గంట చేతిలో అట్లాగే ఉంది.

"ఆయుధ పూజన్నాక ఆయుధం పెడితే తప్పా? ఏటా వంకాయలు తరిగే కత్తి పెడుతుంటే అమ్మవారు ఏమీ అనకుండా ఊరుకుంది, ఆవిడ మంచితనం. వాయించండి, హారతి కొండెక్కుతుంది."

వాయించాను. బొద్దింక కనపడితే చీపురుతో గుమ్మం దాటించి, పోనీ పాపం అనే మనిషి. అరవై ఏడేళ్ళు. ఆవిడ పిస్టల్‌కి హారతి ఇస్తోంది, నేను గంట కొడుతున్నాను...

అదే రోజు, మధ్యాహ్నం

పులిహోర పక్కన పెట్టి అడగడం మొదలుపెట్టాను.

ఎన్నాళ్ళ నుంచి? — "చాలా ఏళ్ళయింది."

మరి గురువారం గురువారం లైబ్రరీలో పుస్తకాల క్లబ్ అని వెళ్తావు? — "లైబ్రరీ దాటాక రెండు సిగ్నల్స్. షూటింగ్ రేంజ్." ఒకసారి అడిగాను కూడా, ఇప్పుడేం పుస్తకం చదువుతున్నారని. "లావుది" అంది. నమ్మాను. నేనొక సర్జన్ని, మనుషుల్ని కోసి లోపల చూసినవాణ్ణి!

పర్సులోంచి కార్డు తీసి చూపించింది. ఇల్లినాయిలో ఆ కార్డు లేనిదే గన్ ఉంచుకోకూడదట. ఫోటోలో పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు నవ్వుతోంది.

ఎక్కడ పెడుతున్నావు? — "ప్యాంట్రీలో. తాళం పెట్టె. బియ్యం బస్తా వెనక." ఆ బస్తా ఇన్నేళ్ళుగా మోసుకొచ్చి అక్కడ పెడుతున్నది నేనే.

ఎందుకు? — గిన్నెలు తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళిపోయింది.

మరి ఇప్పుడెందుకు బయటపెట్టావు? వెనక్కి తిరక్కుండానే కుడిచేతి బొటనవేలు పైకెత్తింది. "దాని పైభాగం వెనక్కి లాగలేకపోతున్నా. మీరు డాక్టరు కదా. నోటితో చెప్పలేక పూజలో పెట్టా."

అక్టోబర్ 2

దసరా. పూజలో పెట్టినవన్నీ ఇవాళ తీసింది. తాళాలు నాకిచ్చింది. అది ప్యాంట్రీలోకి పోయింది. జమ్మి ఆకు కోసం గుడికి వెళ్ళాం. దారంతా ఆవిడే డ్రైవ్ చేసింది. స్టీరింగ్ మీద ఆవిడ చేతులే చూస్తూ కూర్చున్నాను.

అక్టోబర్ 4, శనివారం

తల్లి సంగతి కూతురికి ఎట్లా చెప్పాలా అని అరగంట హాల్లో అటూ ఇటూ తిరిగాను. చివరికి శాంటా క్లారాకి ఫోన్ కలిపాను.

"ఓ, అమ్మ ఫైనల్లీ చెప్పిందా?"

కూర్చున్నాను.

"నీకు తెలుసా, అపర్ణా?"

"తెలుసు నాన్నా. నేను కూడా వెళ్ళాను వన్స్. షీ ఈజ్ సో గుడ్! అమ్మ నీకు చెప్పకు అంది. నువ్వు వర్రీ అవుతావు అని."

ఎందుకు కొన్నదో దానికీ తెలియదట. కానీ తల్లి వేలి నొప్పి సంగతి తెలుసు, దానికి సలహా కూడా ఉంది. "కన్వర్షన్ కిట్ తీసుకో నాన్నా, ఉన్నదాన్నే మార్చుకోవచ్చు. ఇంట్లో సెకండ్ గన్ వద్దు." నా ఇంట్లో తుపాకీ గురించి నాకు తప్ప అందరికీ అభిప్రాయాలున్నాయి.

సెల్లు కనపడక హాల్లో ల్యాండ్‌లైన్ నుంచి చేశాను. ఈ ఫోన్ పీకించేద్దామని పదేళ్ళుగా అంటున్నా. రాజ్యం ఒప్పుకోదు. ఎందుకో చెప్పదు. ఎందుకో చెప్పనివి ఇంకా ఎన్ని ఉన్నాయో ఈ ఇంట్లో.

అక్టోబర్ 6, సోమవారం

డైనింగ్ టేబుల్ మీద టవల్ పరిచి చేయి చూశాను. బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయింది. తిప్పితే లోపల కరకరమంటోంది. పళ్ళు బిగించి ఓర్చుకుంది. వణికే వేళ్ళతో నేను, అరిగిన వేళ్ళతో ఆవిడ. బాగా కుదిరింది జోడీ.

"ఈ చేత్తో గట్టిగా దేన్నీ పట్టి లాగొద్దు" అన్నాను. మొగుడు నోరు తెరిచేలోపు డాక్టరు చెప్పేశాడు. దొరికిపోయాను.

"అంటే చిన్న బుల్లెట్‌ది కావాలి. స్ప్రింగు మెత్తగా ఉంటుంది. దీన్నే మార్పించనా, చిన్నది ఇంకోటి కొననా?"

మార్పించడం అంటే ఏమిటని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. వంటింట్లోకి తీసుకెళ్ళి మిక్సీ చూపించింది. "కింద మోటారు ఒకటే. పెద్ద జారు తీసేసి చట్నీ జారు పెడతామా లేదా? అంతే." కింది సగం, పిడీ ట్రిగ్గరూ ఉన్నది, అట్లాగే ఉంటుంది. పై సగం, గొట్టం ఉన్నది, మారుతుంది. ఇప్పుడున్నది నైన్ మిల్లీమీటర్. మారిస్తే ట్వంటీటూ.

ఆవిడ నోట్లోంచి ఆ అంకెలు ఉప్పూ కారం కొలతల్లా వస్తున్నాయి.

"మార్చొద్దు, కొనొద్దు. దీన్ని ఎవరికైనా ఇచ్చెయ్" అన్నాను.

"ఇది ఇంట్లోంచి పోదు."

నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆ గొంతు వినలేదు. జారు చేత్తో పట్టుకుని నిలబడిపోయాను.

"పోనీ కొత్తది కొనుక్కుని దీన్ని మూల పడెయ్."

"ఇంట్లో రెండా? ఒక్కదాన్ని కాపాడేసరికే నా ప్రాణం పోతోంది."

కాపాడటం ఏమిటి? తుపాకీ మనల్ని కాపాడుతుందని కదా కొంటారు?

అక్టోబర్ 9, గురువారం

వెళ్ళాను ఆవిడతో. చూడకపోతే ఉండలేను, చూస్తే తట్టుకోలేను. వెళ్ళాను.

డెనీస్ అని, నేర్పే ఆవిడ. అరవై దాటింది, మెడలో చిన్న శిలువ. "సో యు ఆర్ ద డాక్టర్!" అని చేయి ఊపేసింది. ఇంకో నలుగురు ఆడవాళ్ళు, అందరూ మా వయసువాళ్ళే. రాజ్యం తెచ్చిన సకినాల డబ్బా మధ్యలో. ఒకావిడ "సకినాల్స్" అని పేరు పెట్టి మరీ అడిగి తింటోంది. నేను లేని లోకం ఒకటి ఇన్నేళ్ళుగా గురువారాల్లో నడుస్తోంది.

కిట్టే మేలంటుంది డెనీస్. ఆ పిడి రాజ్యం అరచేతికి అలవాటట, కొత్తదైతే మళ్ళీ మొదట్నుంచీ. కౌంటర్ వెనక ఉన్నాయన మాత్రం కొనేయమంటాడు. కిట్లు సతాయిస్తాయి, తూటా ఇరుక్కుంటుంది, కొత్తది హాయి. కాకపోతే కొత్తదానికి కార్డూ, చెకింగూ, మూడు రోజులు ఆగడం. కిట్‌కి అవేమీ అక్కర్లేదట. పోస్టులో ఇంటికొస్తుంది.

"అదేంటి?" అన్నాను.

చట్టం లెక్కలో నంబరున్న కింది సగమే తుపాకీట. పై సగం ఉత్త విడిభాగం. ఉత్త విడిభాగం! ముప్పై నాలుగేళ్ళు నేను మనుషుల్లోంచి తీసినవన్నీ ఆ విడిభాగంలోంచి వచ్చినవే కదయ్యా!

తర్వాత కాల్చింది. లాగడం డెనీస్ లాగిపెట్టింది, పేల్చడం ఈవిడ.

ఆ శబ్దం తర్వాత ఏం జరుగుతుందో ముప్పై నాలుగేళ్ళు చూశాను. శబ్దం మాత్రం ఇవాళే విన్నాను. చెవులకి కప్పుకున్నా ఛాతీలోకి వచ్చింది. మూడోదానికి బయటికొచ్చి కార్లో కూర్చున్నాను.

కాగితం తెచ్చి చూపించింది. ఐదు చిల్లులు, ఇడ్లీ అంత చోట్లో. మొహం వెలిగిపోతోంది. బాగుందన్నాను. నిజంగానే బాగుంది. అన్నాక సిగ్గేసింది.

అక్టోబర్ 10, శుక్రవారం

అందరూ ట్వంటీటూని చిన్నది, చిన్నది అంటున్నారు. నేనూ అన్నాను ఒకసారి.

హానా. పంతొమ్మిదేళ్ళు. ఎవరింట్లోనో పార్టీ, ఎవరో ఆడుకుంటూ పేల్చారు. ఎడమ పక్కటెముకల కింద చిన్న చిల్లు, రక్తం కూడా పెద్దగా లేదు. మెలకువగా ఉంది. తన పిల్లికి అన్నం పెట్టమని నర్సుకి చెప్తోంది. అప్పటికి మా అపర్ణకీ పంతొమ్మిదే.

బయట వాళ్ళ నాన్న. పెద్ద మనిషి, చేతిలో టోపీ నలిపేస్తున్నాడు. "ఈజ్ షీ గోయింగ్ టు బీ ఓకే?" అన్నాడు. ఇక్కడి డాక్టర్లు ఆ ప్రశ్నకి జవాబు చెప్పరు. చూస్తాం, ప్రయత్నిస్తాం అంటారు. వాళ్ళకి అదే నేర్పుతారు. నాకూ నేర్పారు. కానీ మా నాన్న దగ్గర్నుంచి మా ఊరి కాంపౌండరు దాకా, భయపడ్డవాడి భుజం మీద చేయి వేసి అందరూ అనే మాట ఒక్కటే — ఏం కాదు. అది రోగం గురించి కాదు, మనిషి గురించి. చేయి దానంతటదే ఆయన భుజం మీదికి వెళ్ళింది. "నథింగ్ విల్ హ్యాపెన్. స్మాల్ బుల్లెట్" అన్నాను.

ఆ చిన్నది పక్కటెముకకి తగిలి, దారి మళ్ళి, వెనక పెద్ద రక్తనాళాన్ని చీల్చుకుంటూ పోయింది. నాలుగు గంటలు చేశాను. చివర్లో బయటికి తీసింది కందిగింజ కంటే పెద్దది కాదు. ట్రేలో టింగుమంది.

బయటికెళ్ళి చెప్పాను. ఆయన ఏడవలేదు, అరవలేదు. "యూ సెడ్..." అన్నాడు. అంతే. నువ్వు చెప్పావుగా.

పంతొమ్మిదేళ్ళయింది. రాజ్యానికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే ఓదారుస్తుంది. ఓదార్పు నాకు వద్దు.

అక్టోబర్ 11

బుర్ర పనిచేసింది. మార్పించమని చెప్తాను. అప్పుడు పాత పై సగం ఊరికే పడి ఉంటుంది. చట్టం లెక్కలో అది తుపాకీయే కాదు. అది మాయం చేస్తే ఎవరూ అడగరు. మిగిలింది కిట్టు, అది ఎలాగూ సతాయిస్తుందట. సతాయిస్తే విసుగు, విసుగేస్తే మానేస్తుంది. ఇట్లా రెండు విడతల్లో వదిలించుకోవచ్చు.

"సరే, మార్పించు" అన్నాను కాఫీ తాగుతూ.

"ఇంత తేలిగ్గా ఒప్పుకున్నారేంటి?" అని కాసేపు నా మొహం చూసింది. నేను పేపరు చూశాను.

అక్టోబర్ 14, మంగళవారం

పార్సెల్ వచ్చింది. సంతకం పెట్టి తీసుకుంది నేనే. చెప్పుల పెట్టెంత ఉంది. డెలివరీ అతను హ్యావ్ ఎ గుడ్ వన్ అన్నాడు. నేనూ అన్నాను.

టేబుల్ మీద నా పాత పంచె ముక్క పరిచింది. పిస్టల్ తెచ్చి ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూపించింది. పాత పై సగం ఊడదీయబోయింది. బొటనవేలు సహకరించలేదు. మళ్ళీ. మళ్ళీ. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, నొప్పికో రోషానికో.

"ఇటివ్వు."

"మీకు కార్డు..."

"నువ్వు పక్కనే ఉన్నావుగా."

ఆవిడ చెప్తోంది, నేను చేస్తున్నాను. వెనక్కి లాగి ఆపు, పక్కన మీట తిప్పు, ముందుకి వదులు. పై సగం చేతిలోకి వచ్చేసింది. కొత్తది గాడిలో పెట్టాను. వెనక్కి. మీట. టక్.

రెండు నిమిషాలు పట్టలేదు. అప్పుడు చూసుకున్నాను — నా చేయి వణకలేదు. ఏ వణుకు వల్ల కత్తి దించేశానో, టీ కప్పు సగమే పోయించుకుంటున్నానో, ఆ వణుకు లేదు. ఇంకోసారి ఊడదీసి పెట్టనా అని అడగబోయి నోరు మూసుకున్నాను.

పాత పై సగాన్ని నూనె రాసి తుడిచి, పంచె ముక్కలో చుట్టి, పార్సెల్ వచ్చిన పెట్టెలోనే పెట్టింది. పెట్టేముందు కళ్ళకద్దుకుందా? అద్దుకున్నట్టే అనిపించింది. ఇనుముని!

అక్టోబర్ 16, గురువారం

ఆవిడ అటు రేంజ్‌కి, నేను ఇటు నదికి. ఫాక్స్ రివర్ వంతెన మీద ఎవరూ లేరు. పంచె ముక్కతో సహా వదిలేశాను. పెద్ద చప్పుడు కూడా కాలేదు. పీడ విరగడైంది.

అక్టోబర్ 17

మనసు తేలిగ్గా ఉంది. పెసరట్లు మూడు తిన్నాను.

అక్టోబర్ 18, శనివారం

ఇది రాయాలి.

పొద్దున ప్యాంట్రీలోంచి పిలిచింది. "ఏవండీ, ఇందులోది ఏది?" ఖాళీ పెట్టె చేతిలో.

అబద్ధం సిద్ధం చేసుకున్నాను, మూడు రోజుల నుంచీ. నోటికి రాలేదు. "నదిలో పడేశాను."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. బియ్యం బస్తా మీద కూలబడింది. మొహంలో రక్తం లేదు. ఒక్క క్షణం గుండెపోటేమో అని నాడి పట్టుకున్నాను.

"అది నాది కాదండీ."

"పూజ నాడు నాదన్నావుగా?"

"ఒకళ్ళు దాచమన్నది. హానా వాళ్ళ నాన్నది."

ఆ పేరు ఆవిడ నోట్లోంచి.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఆ పిల్ల పోయిన నెలకి. పాత ఇంట్లో ఉన్నాం అప్పుడు. అపర్ణ కాలేజీలో, నేను హాస్పిటల్లో. ఎదురుగా ఒక ట్రక్కు రెండు రోజులు ఆగి ఉందట. మూడోరోజు పొద్దున పదింటికి బెల్లు కొట్టాడు. డాక్టర్ ఉన్నాడా అన్నాడు. లేరంది. పేరు చెప్పాడు. కూతురి సంగతి చెప్పాడు. "హి సెడ్ నథింగ్ విల్ హ్యాపెన్" అన్నాడట.

"మంచులో నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మన్నా. కాఫీ ఇచ్చా."

"కాఫీ ఇచ్చావా!"

"ఇంటికొచ్చిన మనిషికి ఇవ్వనా?"

సగం తాగాడట. కోటు జేబులోంచి తీసి టేబుల్ మీద కప్పు పక్కన పెట్టాడట. ఇది నాతో ఇంటికి వెనక్కి రాకూడదు మ్యామ్, మీ దగ్గర ఉంచండి, నేనొచ్చి అడిగినా ఇవ్వకండి అన్నాడట. ఉంచుతానని ఈవిడ మాటిచ్చింది. ఏడాది తిరక్కుండా కార్డు తెచ్చుకుంది, ఆయన మళ్ళీ వచ్చి కాగితం రాసి సంతకం పెట్టాడు. అంతా పద్ధతి ప్రకారమే. ఇంట్లో ఉన్నదాని సంగతి తెలియకుండా ఉంచుకోకూడదని రేంజ్‌లో చేరింది. వారం వారం తీసి, ఖాళీగా ఉందో లేదో లాగి చూసుకుని, తుడిచి పెట్టడం. పంతొమ్మిదేళ్ళు. ఇప్పుడు వేలు మొరాయించింది.

"లాగి చూడలేనిదాన్ని ఎట్లా కాపలా కాస్తాను? అందుకే మార్పించింది. పాతది జాగ్రత్తగా దాచుకుందామనే కదండీ!"

"నాకెందుకు చెప్పలేదు?"

"మర్నాడు మీకు రెండు ఆపరేషన్లు ఉన్నాయి. మీ చేయి వణుకుతుందని."

ఇంకేం అడగను?

"నదిలో ఉంటే మంచిదేగా, ఎవరికీ దొరకదు" అన్నాను చివరికి. ఏదో ఒకటి అనాలి కదా.

"ఆయన దాచమన్నాడు, పారెయ్యమనలేదు. పారేసుకోవాలంటే ఆయనకి నది తెలీకనా?" కొంగు లేదు, స్వెట్టర్ అంచుతో కళ్ళు తుడుచుకుంది. "మీరన్న మాట నిలవలేదు. నేనన్న మాటైనా నిలబెడదామనుకున్నా."

అక్టోబర్ 19, ఆదివారం

పాత స్పీకర్లోంచి అయస్కాంతం పీకి, బట్టలారేసే తాడు కట్టి, వంతెన కింద మూడు గంటలు. సీసా మూతలు, ఒక గొలుసు ముక్క, ఎవరిదో తాళంచెవి. మోకాళ్ళ లోతు దిగి జారిపడ్డాను. చేపలు పట్టే ఆయన లేవదీసి, ఏం పోగొట్టుకున్నారని అడిగాడు.

ఏం చెప్పను? సగం అన్నాను.

అక్టోబర్ 20

దీపావళి. దీపాలు పెట్టింది. నాతో మాట్లాడలేదు.

అక్టోబర్ 23, గురువారం

రేంజ్‌కి వెళ్ళలేదు. నేనొక్కణ్ణే వెళ్ళాను. కౌంటర్ ఆయన దగ్గర అదే రకం పై సగం, నైన్ మిల్లీమీటర్‌ది, కొత్తది, దొరుకుతుందా అని. దొరుకుతుందట. అచ్చు అట్లాగే ఉంటుందట. పోస్టులో ఇంటికే.

పరుగున వచ్చి చెప్పాను. "కొనేద్దాం రాజ్యం. ఒక్కలాగే ఉంటుంది. ఎవరికీ తెలీదు."

చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు.

"మాట కూడా పోస్టులో తెప్పిస్తారా?"

అక్టోబర్ 27

ల్యాండ్‌లైన్ ఎందుకు తీయనివ్వలేదో ఇవాళ చెప్పింది. ప్రతి నవంబర్ ఆరున, ఆ పిల్ల పోయిన రోజున, పొద్దున పదింటికి ఆయన ఫోన్ చేస్తాడు. ఆయన ఊళ్ళు మారాడు, మేం ఇల్లు మారాం, ఈ నంబరు మారలేదు. "ఈజ్ ఇట్ స్టిల్ దేర్?" అంటాడు. ఈవిడ "యెస్" అంటుంది. థాంక్యూ మ్యామ్ అని పెట్టేస్తాడు. అంతే. పంతొమ్మిదేళ్ళుగా అంతే.

నేను ఆ హాల్లోనే పేపరు చదువుతూ కూర్చున్న నవంబర్ ఆరులు కూడా ఉండే ఉంటాయి. రిటైరయి ఏడేళ్ళాయె. ఎవరు అంటే రాంగ్ నంబర్ అనేదేమో. గుర్తు రావడం లేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు.

నవంబర్ 1, శనివారం

అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ఆయన అది ఎవరి కోసం తెచ్చాడు? నా కోసమా, తన కోసమా?"

"నేనడగలేదు. ఆయన చెప్పలేదు."

"నీకేమనిపించింది?"

"కాఫీ చల్లారిపోతోందనిపించింది."

ఇక ఆ మాటెత్తొద్దన్నట్టు చూసింది. ఆ పొద్దున తలుపు తీసింది నేనైతే? భుజం మీద చేయి వేసి ఏం అనేవాణ్ణి? తెలుసు ఏం అనేవాణ్ణో. భయమేస్తోంది. డెబ్భై రెండేళ్ళొచ్చి, పంతొమ్మిదేళ్ళ కిందటి పొద్దుటికి ఇప్పుడు భయమేస్తోంది.

నవంబర్ 4

చేయి వణుకు ఎక్కువైంది. ఈ పేజీ నాకే చదవడం రావడం లేదు.

నవంబర్ 5

"రేపు ఏం చెప్తావు?"

"అబద్ధం చెప్పను."

"లేదంటావా?"

"సగం ఉందిగా. లేదంటే అదీ అబద్ధమే."

నవంబర్ 6, గురువారం

తొమ్మిదిన్నరకే స్నానం చేసి, మంచి చీర కట్టుకుని, ఫోన్ పక్క కుర్చీలో కూర్చుంది. నేను ఎదురుగా, డైరీ ఒళ్ళో పెట్టుకుని. మధ్యలో రెండు కాఫీలు. ఎవరం ముట్టుకోలేదు.

పది. మోగింది.

ఒకటి. రెండు. మూడోసారికి రిసీవర్ ఎత్తింది. ఎత్తి, హలో అనకుండా, నా వైపు చాపింది.

"మీ సగం మీరు చెప్పండి."

తీసుకున్నాను. నేను డాక్టర్ని అని, పేరు చెప్పాను. అవతల ఏమీ లేదు. ఊపిరి ఒకటే. ముసలి ఊపిరి. చాలాసేపు. పెట్టేస్తాడనుకున్నాను, పెట్టేస్తే బావుణ్ణనుకున్నాను. రిసీవర్ భుజానికి నొక్కుకుని రాస్తున్నాను, వార్డులో కేసు షీట్లు రాసిన అలవాటు, రాయకపోతే చేయి ఏం చేస్తుందో తెలీదు.

ఇప్పుడు అడిగాడు. పిస్టల్ సంగతి కాదు. రాజ్యం ఎత్తలేదని కంగారు పడ్డాడు.

"ఈజ్ షీ... ఈజ్ షీ గోయింగ్ టు బీ ఓకే?"

అదే గొంతు. అదే ప్రశ్న.

ఏం కాదు — నాలుక మీదికి ఆ మాట దానంతటదే వచ్చేసింది. పళ్ళు బిగించి ఆపాను. రాజ్యం నన్నే చూస్తోంది. ఆయన అటు కాచుకుని ఉన్నాడు —